తాతగారి తుపాకికి మెరుగు

పాత వస్తువును కొత్తగా చేయించాలనే కోరిక మన ఇళ్లలో పండుగకు పది రోజుల ముందు పుడుతుంది. గోడలకు సున్నం, తలుపులకు రంగు, ఇత్తడి గిన్నెలకు కళాయి ఒకటొకటే జ్ఞాపకం వస్తాయి. కొన్ని ఇళ్లలో ఆ వరుసలోనే బీరువా వెనక పాత దుప్పటిలో చుట్టిపెట్టిన తాతగారి తుపాకి కూడా జ్ఞాపకం వస్తుంది. బయటకు తీసి చూస్తే గొట్టాల మీద నలుపు పోయి తెల్లబడి ఉంటుంది. అక్కడక్కడ ఎర్రటి తుప్పు చుక్కలు. కర్ర నూనె తాగి నల్లబడి, జిడ్డు పట్టి ఉంటుంది. ‘‘దీనికి కాస్త మెరుగు పెట్టిస్తే ఎంత బాగుంటుందో!’’ అని ఇంట్లో ఎవరో ఒకరు అంటారు.

మాట సులభమే. కాని తుపాకికి మెరుగు పెట్టించడం చెంబుకు మెరుగు పెట్టించడం వంటిది కాదు. దానిలో కొంత రసాయన శాస్త్రం ఉన్నది, కొంత వడ్రంగం ఉన్నది, కొంత చట్టం ఉన్నది. అన్నిటికంటె ముఖ్యంగా, ఎక్కడ చెయ్యి ఆపాలో తెలుసుకోవడం ఉన్నది.

చెయ్యి ఆపడమంటే ఏమిటో సికింద్రాబాదులోని బన్సీలాల్‌పేట్ ఈ మధ్యనే ఊరందరికీ చూపించింది. పూర్వం నాగన్నకుంట అని పిలిచిన ఈ చోట 1933లో సేఠ్ బన్సీలాల్ అనే ధనికుడు నాటి బ్రిటిష్ రెసిడెంటు కీస్ దొర సహాయంతో ఒక మాడల్ బజారు కట్టించగా, ఆయన పేరే పేటకు స్థిరపడింది. అక్కడి మెట్లబావి ఏళ్ల తరబడి చెత్తతోను మట్టితోను పూడిపోయింది. బావి ఉన్నదన్న సంగతే చాలామంది మరిచిపోయారు. దానిని తవ్వి, పూడిక తీసి, బాగుచేసి 2022 డిసెంబరులో ప్రజలకు తెరిచారు. ఇప్పుడు చూడబోయినవారికి 50 అడుగులకు పైగా లోతున మెట్లూ, స్తంభాలూ, నీళ్లూ కనిపిస్తాయి.

ఆ పనిలో గమనించవలసింది ఒకటున్నది. తీసివేసింది చెత్తను. రాతిని కాదు. పాత రాయి పాతగానే ఉన్నది. దాని మీది ఉలి గుర్తులు అలాగే ఉన్నాయి. రాళ్లన్నీ నున్నగా చెక్కి, పైన సిమెంటు పూసి ఉంటే బావి కొత్తదయ్యేది. కాని బన్సీలాల్‌పేట్ మెట్లబావి మాత్రం అయ్యేది కాదు. తాతగారి తుపాకి విషయంలోనూ అదే సూత్రం.

అడవి వెళ్లిపోయింది, తుపాకి మిగిలింది

మధ్యతరగతి ఇంట్లో తుపాకి ఎక్కడిది అని కొందరు అడగవచ్చు. ఒకనాడు దొరలకూ, దేశముఖులకూ, జమీందారులకూ తుపాకి హోదా. అడవి శాఖ ఉద్యోగులకూ, కలప కంట్రాక్టర్లకూ అవసరం. పొలం మీద పడే అడవిపందులకు భయపడే రైతుకు ధైర్యం. ఎక్కువమంది ఇళ్లకు చేరింది పన్నెండు బోరు జోడు తుపాకి. రెండు గొట్టాలు పక్కపక్కన ఉండి, నడుమ మడిచి తూటాలు పెట్టే రకం. వాటిలో గ్రీనర్, వెస్ట్లీ రిచర్డ్స్, వెబ్లీ స్కాట్ వంటి బర్మింగ్‌హామ్ కంపెనీల సరుకుకు మంచి పేరుండేది. స్వాతంత్ర్యం తరువాత మన ప్రభుత్వ ఆయుధ కర్మాగారాల తుపాకులూ వచ్చాయి.

వేట సరదాకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంతో కళ్లెం పడింది. పులి బొమ్మతో ఫోటో తీయించుకున్న తరం వెళ్లిపోయింది. తుపాకి మాత్రం కొడుకు చేతికీ, మనుమడి చేతికీ వచ్చింది. పేల్చే పని లేదు కనుక తుడిచే అలవాటూ పోయింది. తుపాకిని వాడకం కంటె వాడకపోవడమే ఎక్కువగా పాడుచేస్తుంది.

జంటనగరాలకు తుపాకి పని కొత్త కాదు. హైదరాబాదులో ఫతే మైదానం దగ్గర గన్‌ఫౌండ్రీ అనే పేట ఉన్నది కదా, ఆ పేరు 18వ శతాబ్దం చివర నిజాం కొలువులో ఉన్న ఫ్రెంచి సేనాని రేమాండ్ పోతపోయించిన ఫిరంగుల కార్ఖానా నుంచి వచ్చిందే. జనం దానిని ‘తోప్ కా సాంచా’ అన్నారు. రేమాండ్‌ను ‘మూసా రాముడు’ చేసుకున్నారు. మూసారంబాగ్ పేరులో ఆయన ఇప్పటికీ ఉన్నాడు. ఇక సికింద్రాబాదు పుట్టుకే దండు ప్రదేశంగా, 1806లో. దండు ఉన్న చోట ఆయుధాలు తుడిచేవాళ్లూ, బాగుచేసేవాళ్లూ ఉండక తప్పదు.

ఈ పనికి కావలసిన సరంజామా బన్సీలాల్‌పేట్ చుట్టుపక్కలనే దొరుకుతుంది. ఆకురాళ్లూ, ఎమెరీ కాగితాలూ, స్క్రూలూ కావాలంటే రాణీగంజ్. కర్ర కావాలంటే బోయిగూడ అడితీలు. కాని సరంజామా ఉన్నంత మాత్రాన ఎవరుపడితే వారు తుపాకి మీద చెయ్యి వేయకూడదు. అందుకు కారణాలు ముందు ముందు తెలుస్తాయి.

ఆ నలుపు కూడా తుప్పే!

కొత్త తుపాకి గొట్టం మీద నీలి ఛాయతో మెరిసే నలుపు ఉంటుంది. చాలామంది దానిని రంగు అనుకుంటారు. రంగు కాదు, పూతా కాదు. అది ఒక రకం తుప్పు!

ఇనుము గాలిలోని ప్రాణవాయువుతోను, తేమతోను కలిస్తే ఎర్రటి తుప్పు పుడుతుంది. ఆ తుప్పు గుల్లగా ఉండి, రాలుతూ, కింద ఉన్న ఇనుమును ఇంకా తినేస్తుంది. కాని అదే ఇనుము, అదే ప్రాణవాయువు మరొక పాళ్లలో కలిస్తే మాగ్నటైట్ అనే నల్లని పదార్థం అవుతుంది. అది లోహాన్ని గట్టిగా అంటిపెట్టుకుని, నూనెను పీల్చి పట్టుకుని, కొంతవరకు ఎర్ర తుప్పును రానివ్వదు. దొంగను పట్టడానికి దొంగనే కాపలా పెట్టినట్లన్నమాట.

ఈ యుక్తి మనవారికి తెలియనిది కాదు. 1956 వరకు హైదరాబాదు రాష్ట్రంలో ఉన్న బీదరులో బిదరీ పనివారు తుత్తునాగంలో కొంచెం రాగి కలిపి పాత్రలు పోతపోసి, వెండి తీగ పొదిగి, చివరకు బీదరు కోట మట్టిలో నవాసాగరం కలిపి ఆ నీళ్లలో ముంచుతారు. పాత్ర నల్లబడుతుంది. వెండి మాత్రం తెల్లగానే నిలుస్తుంది. లోహం మీది పొరను కావాలని మార్చి, ఆ మార్పునే అందంగా చేసుకోవడం బిదరీలోనూ ఉన్నది, తుపాకిలోనూ ఉన్నది.

ఊళ్లో కమ్మరి కొలిమి దగ్గర కూర్చున్నవారు ఇంకొక వింత చూసి ఉంటారు. మెరుగుపెట్టిన ఉక్కును మెల్లగా కాలుస్తుంటే ముందు గడ్డి రంగు వస్తుంది, తరువాత ఊదా, ఇంచుమించు 300 డిగ్రీల దగ్గర చక్కని నీలం. తుపాకిలో చిన్న స్క్రూలకూ మేకులకూ పూర్వం ఈ కొలిమి నీలమే పట్టించేవారు.

ఇక్కడ గృహిణులకు ఒక హెచ్చరిక. ఇత్తడి చెంబు తోమినట్లు తుపాకిని చింతపండుతోగాని, నిమ్మచెక్కతోగాని తోమకండి. పులుపు తుప్పును కరిగిస్తుంది. నలుపు కూడా తుప్పే కనుక దానినీ కరిగిస్తుంది. ఎర్ర చుక్క ఒకటి పోగొట్టబోతే జానెడు మేర నలుపు పోతుంది.

మిస్త్రీ ముందు చూసేది

పని తెలిసిన మిస్త్రీ తుపాకి చేతికి రాగానే మెరుగు సంగతి ఎత్తడు. ముందు మడిచి, లోపల తూటా లేదని కంటితోను వేలితోను చూసుకుంటాడు. ఖాళీ అని తెచ్చినవారు చెప్పినా సరే చూస్తాడు. తరువాత గొట్టాలను వెలుతురుకు ఎత్తి లోపలికి చూస్తాడు. గొట్టం లోపల తుప్పు తిన్న గుంటలున్నాయా, ఎక్కడైనా సొట్ట పడిందా అనేది అప్పుడే తెలుస్తుంది. పైన ఎంత మెరిపించినా లోపల గుంటలు పడిన గొట్టం ప్రమాదమే. ఆ గుంటలు పోయేదాకా లోపలినుంచి గీకితే గోడ పలచబడుతుంది. అది ఇంకా ప్రమాదం.

ఆ తరువాత గొట్టాలను కర్ర నుంచి విడదీసి, కొక్కెం దగ్గర వేలాడదీసి, వేలితో తట్టి వింటాడు. సంతలో మనం కుండను తట్టి చూసినట్లే. గంటలా ఖణీమని మోగితే రెండు గొట్టాల నడుమ పట్టీని పట్టుకున్న మాటు గట్టిగా ఉన్నదన్నమాట. బొంగురుగా పలికితే ఎక్కడో మాటు విడిందన్నమాట. లోపలికి తేమ చేరి, పైకి కనిపించకుండా తింటూ ఉంటుంది.

కొన్ని పాత తుపాకుల గొట్టాల మీద నీటి అలల వంటి గీతలుంటాయి. ఇనుప బద్దలనూ ఉక్కు బద్దలనూ పేని, కడ్డీకి చుట్టి, కలిపి కొట్టిన గొట్టాలవి. డమాస్కస్ గొట్టాలంటారు. పేరు మాత్రం కత్తుల నుంచి వచ్చింది. ఆ డమాస్కస్ కత్తుల ఉక్కు మన నిజామాబాదు జిల్లా కోనసముద్రం వంటి ఊళ్ల మూసలలో కరిగి వెళ్లిందని, పారశీక వర్తకులు అక్కడికి వచ్చి కొనేవారని చరిత్ర చెబుతున్నది. గొట్టం తయారుచేసే పద్ధతి వేరు, మన ఉక్కు పద్ధతి వేరు. పోలిక ఆ అలల వరకే. ఇటువంటి గొట్టాలు నల్లమందు కాలానికి చేసినవి. నేటి పొగరాని మందు తూటాలు వాటిలో పెట్టి పేల్చరాదు. పని తెలిసినవాడు వాటిని నల్లగా చేయడు, గోధుమ ఛాయ తేల్చి అలలు కనబడేటట్లు చేస్తాడు. గోడకు అందంగా ఉంటాయి, భుజానికి కాదు.

ఓపికకు పరీక్ష

పరీక్ష ముగిసిన తరువాత విప్పడం. మంచి తుపాకిలో ప్రతి స్క్రూకూ సరిపోయే మొన కావాలి. సరిపోని స్క్రూడ్రైవరు జారితే స్క్రూ తల చీలిపోతుంది. తల చీలిన స్క్రూలున్న తుపాకిని చూడగానే ‘ఇది ఎవరో ఇంట్లో విప్పారు’ అని చెప్పవచ్చు.

కర్ర సంగతి ముందు చూద్దాం. మంచి తుపాకులకు అక్రోటు కర్ర వాడతారు. ఏళ్ల తరబడి లోహం మీద పోసిన నూనె కిందికి కారి కర్ర తల భాగాన్ని మెత్తబరుస్తుంది. దానిని లాగడానికి సుద్దను పలచగా కలిపి పట్టించి ఆరనిస్తారు. సుద్ద నూనెను పీల్చి పసుపు పచ్చబడుతుంది. దులిపి మళ్లీ పట్టిస్తారు. కర్ర మీద సొట్ట ఉంటే చెక్కనవసరం లేదు. తడిగుడ్డ పరచి, మీద వేడి ఇస్త్రీపెట్టె క్షణం ఆనిస్తే ఆవిరికి నలిగిన నారలు ఉబ్బి సొట్ట లేస్తుంది. విరిగి ఊడిన చోట మాత్రం లేవదు. పట్టు కోసం చెక్కిన గళ్లను గరుకు కాగితంతో రుద్దరాదు. రుద్దితే గళ్లు పోతాయి. అరిగిన గళ్లను సన్నని ఆకురాయితో ఒక్కొక్కటే మళ్లీ తెరవాలి.

చివరకు అవిసె నూనె. బ్రష్షుతో కాదు, అరచేతితో. చెయ్యి వేడెక్కేదాకా రుద్దాలి. రోజుకొకసారి వారం రోజులు, వారానికొకసారి నెల రోజులు, నెలకొకసారి ఏడాది అని ఇంగ్లీషు పనివాళ్ల లెక్క ఒకటున్నది. అంత ఓపిక నేడు ఎవరికున్నదని అడగవచ్చు. కాని గంటలో ఆరిపోయే వార్నిషు పూసిన కర్రకు గాజు మెరుపు వస్తుందే తప్ప కర్ర మెరుపు రాదు. అది గీరుకుంటే అతుకు వేయడమూ కష్టం.

లోహం పని ఇంకా సున్నితం. ఎమెరీ కాగితాన్ని గట్టి చెక్కకు చుట్టి, గొట్టం పొడవునా, ఒకే దిశలో, చేత్తో నడపాలి. తొందరపడేవాడు తుపాకిని బఫింగ్ చక్రానికి ఆనిస్తాడు. నిమిషంలో అద్దంలా మెరుస్తుంది. చూసేవారు సంతోషిస్తారు. కాని చక్రం ఎత్తూపల్లం చూడదు. అంచుల పదును గుండ్రబడుతుంది. స్క్రూ రంధ్రాల అంచులు గిన్నెల్లా లోపలికి దిగుతాయి. పువ్వులూ లతలూ చెక్కిన చోట అరిగిపోయిన కాసు ముఖంలా అవుతుంది. అన్నిటికీ మించి, అక్షరాలూ అంకెలూ పలచబడతాయి. పోయిన లోహాన్ని ఎవరూ తిరిగి పెట్టలేరు.

మెరుగు అయ్యాక జిడ్డంతా కడిగివేస్తారు. ఇక అప్పటినుంచి గొట్టాన్ని ఒట్టి చేత్తో ముట్టకూడదు. వేలి జిడ్డు తగిలినచోట మచ్చ తేలుతుంది. ఆమ్లాలలో ఇనుము కరిగించి తయారుచేసిన ద్రావణాన్ని పలచగా, ఒక్క పూతగా తుడిచి, తేమ ఉన్న పెట్టెలో ఉంచుతారు. కొన్ని గంటలకు గొట్టమంతా సన్నని ఎర్ర తుప్పు. తెలియనివాళ్లు చూస్తే గుండె ఆగిపోతుంది! తరువాత ఆ గొట్టాన్ని శుభ్రమైన నీళ్లలో మరిగిస్తారు. కళ్లముందే ఎరుపు నలుపవుతుంది, మఖమల్ గుడ్డలాగ. పైన రాలే పొడిని సన్నని తీగ కుంచెతో దులిపి, మళ్లీ ద్రావణం, మళ్లీ పెట్టె, మళ్లీ మరగబెట్టడం. ఇలా ఆరేడు సార్లు, ఒక్కొక్కప్పుడు పది సార్లు. ప్రతిసారీ నలుపు కొంచెం లోతు తేలుతుంది. మన ఊరి బోరు నీళ్లు ఉప్పదనం ఎక్కువ కలవి కనుక అవి పనికిరావు. వాననీరో, డిస్టిల్డ్ నీరో కావాలి. పొడి ఎండల్లో పని మందగిస్తుంది, వర్షాకాలపు తేమలో తొందరగా సాగుతుంది.

దీనికంటె వేగమైన పద్ధతి ఒకటున్నది. కాస్టిక్ సోడా, నైట్రేట్ లవణాలు కలిపి 140 డిగ్రీల దగ్గర మరిగే తొట్టిలో ముంచితే అరగంటలో నలుపు వస్తుంది. రైఫిళ్లకూ రివాల్వర్లకూ కర్మాగారాలలో ఇదే వాడతారు. కాని మన తాతగారి జోడు తుపాకికి ఇది విషం. రెండు గొట్టాలనూ పట్టీనీ కలిపేది సీసం, తగరం మాటు. కాస్టిక్ ఆ మాటును తినేస్తుంది. ఆ రోజు మెరుస్తూనే ఇంటికి వస్తుంది, కొన్నాళ్లకు పట్టీ లేస్తుంది. కనుక మిస్త్రీని అడగవలసిన మొదటి మాట ‘ఎంతవుతుంది?’ అని కాదు, ‘ఏ పద్ధతిలో చేస్తావు?’ అని. జోడు తుపాకికి రెండు రోజుల్లో చేసి ఇస్తానన్నవాడి దగ్గర పెట్టకపోవడం మంచిది.

చెరగరాని అంకె

తుపాకి మీద ఉన్న రాతలు అలంకారం కోసం కాదు. అవి దాని జాతకం. గొట్టాల అడుగున, కర్రలో దాగిన చోట పరీక్ష ముద్రలుంటాయి. బర్మింగ్‌హామ్‌లో 1813లో ఏర్పడిన పరీక్షాలయం వంటి చోట్ల ఎక్కువ మందు పెట్టి పేల్చి, తట్టుకున్న గొట్టానికి మాత్రమే కొట్టే ముద్రలవి. తూటా కూర్చునే గది ఎంత పొడవో కూడా ఆ రాతలు చూసి చెప్పవచ్చు. పాత తుపాకులలో చాలా వాటి గది రెండున్నర అంగుళాలు. నేడు అంగళ్లలో దొరికే తూటా రెండుంబావు కాదు, రెండున్నర కాదు, సాధారణంగా రెండు ముప్పావు. పొట్టి గదిలో పొడుగు తూటా పెట్టి పేలిస్తే నోరు తెరుచుకునే చోటు చాలక లోపల ఒత్తిడి పెరుగుతుంది. ముద్ర అరిగిపోతే ఈ హెచ్చరిక కూడా అరిగిపోయినట్లే.

ఇక నెంబరు. 1959 నాటి ఆయుధాల చట్టం 8వ సెక్షను ప్రకారం తుపాకి మీద ఉన్న తయారీదారు పేరునుగాని, నెంబరునుగాని, మరే గుర్తునుగాని చెరపకూడదు, తీసివేయకూడదు, మార్చకూడదు. అది జైలు శిక్షకు తగిన నేరం. అంతేకాదు, గుర్తు చెరిగిన తుపాకి ఎవరి వద్ద దొరికితే వారే దానిని చెరిపారని చట్టం భావిస్తుంది. కాదని రుజువు చేసుకోవలసిన భారం వారిదే. చక్రానికి ఆనించినవాడు ఎవరో అయి, మెరుపు చూసి మురిసిపోయినవారు మనమై, చివరకు లైసెన్సు పుస్తకంలోని అంకె తుపాకి మీద కనబడక ఠాణాలో నిలబడేదీ మనమే. అందుకని తుపాకి ఇచ్చేటప్పుడే నెంబరూ, పేరూ, ముద్రలూ ఫోటో తీసి ఉంచుకోవడం, తిరిగి తీసుకునేటప్పుడు పోల్చి చూసుకోవడం వివేకం.

ఎవరు చేయాలి, ఎవరు పట్టుకెళ్లాలి

తుపాకి బాగుచేయడం కూడా లైసెన్సు కావలసిన పనే. అదే చట్టం 5వ సెక్షనులో అమ్మకంతోపాటు మరమ్మతును కూడా చేర్చారు. కనుక పక్కవీధి వెల్డింగు దుకాణంలోనో, పాత్రలకు మెరుగుపెట్టే అంగడిలోనో ఇవ్వరాదు. లైసెన్సు ఉన్న ఆయుధ వ్యాపారి ద్వారానే ఇవ్వాలి, రసీదు తీసుకోవాలి.

పెద్దాయన నడవలేకపోతే కుర్రవాణ్ణి పంపవచ్చునా? పంపవచ్చు. లైసెన్సుదారు స్వయంగా వెంట ఉన్నా, ఆయన వ్రాసి ఇచ్చిన అధికార పత్రం చేతిలో ఉన్నా, లైసెన్సు లేనివారు మరమ్మతుకు తుపాకిని తీసుకువెళ్లడానికి చట్టం ఒప్పుకుంటుంది. నోటిమాట చాలదు. ఎన్నికల రోజులలో లైసెన్సు తుపాకులను అప్పగించమని ఆజ్ఞలు వస్తుంటాయి. ఆ రోజులు చూసుకుని పని పెట్టుకోవడం మేలు.

లైసెన్సుదారు కాలం చేస్తే? చాలా కుటుంబాలు ఇక్కడే చిక్కులో పడతాయి. దుఃఖంలో ఎవరికీ బీరువా వెనక సంగతి జ్ఞాపకం రాదు. ఏడాది గడిచాక, మెరుగు పెట్టిద్దామని బయటకు తీస్తారు. కాని లైసెన్సు తాతగారిది. ఆయనతోనే అది ముగిసింది. ఆలస్యం లేకుండా తుపాకిని ఠాణాలోగాని లైసెన్సు ఉన్న వ్యాపారి దగ్గరగాని డిపాజిటు చేసి, వారసుడు తన పేర లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకోవాలి. అసలు అంతవరకు ఆగనక్కరలేదు. లైసెన్సుదారుకు 70 ఏళ్లు నిండినా, తుపాకి తీసుకుని 25 ఏళ్లు దాటినా, బతికి ఉండగానే వారసుడి పేర మార్పించుకోవడానికి 2016 నియమాలు వీలు కల్పించాయి. 2019 సవరణ తరువాత ఒకరి పేర రెండు తుపాకులకు మించి ఉండకూడదు. వారసత్వంగా వచ్చినా ఆ హద్దు హద్దే.

గోడకు వేలాడే పాతకాలపు తుపాకి విషయంలోనూ జాగ్రత్త అవసరం. ప్రాచీన రకమై, లేదా చెడిపోయి, బాగుచేసినా బాగుచేయకపోయినా పేలడానికి పనికిరానిదైతేనే చట్టం దానిని వదిలిపెడుతుంది. ‘బాగుచేసినా’ అన్న మాట గమనించండి. బాగుచేస్తే పేలేదైతే అది నేటికీ తుపాకే.

పండుగనాటి కుంకుమ

మెరుగు పెట్టించిన తుపాకి మళ్లీ పాడయ్యేది ఇంట్లోనే. దసరాకు ఆయుధపూజ మన ఆచారం. తుపాకికి పసుపు, కుంకుమ, గంధం బొట్లు పెడతాం, పూలు పెడతాం. పూజ తప్పు కాదు. మరునాడు తుడవకపోవడం తప్పు. తడి కుంకుమ ఆరినచోట, పువ్వు వాడిన చోట తేమ నిలిచి మచ్చ పడుతుంది. వచ్చే దసరా నాటికి ఆ మచ్చ గుంట అవుతుంది. జమ్మి చెట్టు దగ్గరనుంచి వచ్చిన రాత్రే పొడిగుడ్డతో తుడిచి, సన్నని యంత్రం నూనె పలచగా రాస్తే చాలు. కుట్టుమిషనుకు వేసే నూనె కూడా పనికివస్తుంది. కొబ్బరినూనె, నువ్వులనూనె వద్దు. అవి కొన్నాళ్లకు ముదిరి జిగురుపడతాయి.

చెయ్యి తగిలిన ప్రతిసారీ తుడవాలి. చెమటలో ఉప్పు ఉన్నది. తోలు సంచీలోగాని దుప్పటిలోగాని చుట్టి నెలల తరబడి ఉంచకూడదు. అవి తేమను పట్టి ఉంచుతాయి. నిలబెట్టవలసివస్తే గొట్టాల నోరు కిందికి ఉండేటట్లు నిలబెడితే నూనె కర్రలోకి దిగదు. తుపాకి ఒక తాళంలో, తూటాలు వేరొక తాళంలో ఉండాలి. ఆ తాళాలు ఎక్కడున్నాయో పిల్లలకు తెలియకూడదు. ఖాళీ తుపాకి అని ఎవరూ ఎవరివైపూ చూపకూడదు, నవ్వులాటకైనా.

మెరుగుకు ముందు ఒక మాట

ఇంత చెప్పాక, మెరుగు పెట్టించాలా వద్దా అన్నది మిగిలింది. ఎర్ర తుప్పు తింటూ ఉంటే ఆపించాలి. అందులో సందేహం లేదు. నూనెతో తుడిచి, తుప్పును మాత్రం తీయించి, మిగిలిన పాత నలుపును అలాగే ఉంచుకోవడానికి వీలైతే అదే ఉత్తమం. పాత వస్తువులు సేకరించేవారు కూడా కొత్త మెరుగు కంటె అరిగిన అసలు మెరుగునే ఎక్కువ విలువకు కొంటారు. తాతగారి అరచెయ్యి పట్టి పట్టి కర్ర నున్నబడిన చోటు ఏ మిస్త్రీ తిరిగి చేయలేడు. అంతా పోయి, గొట్టం పూర్తిగా తెల్లబడితే అప్పుడు కొత్త నలుపు పట్టించడం న్యాయమే. అదీ చేతిపనిగా, ముద్రలు చెరగకుండా.

కాని దానికంటె ముందు ఇంటివారంతా కూర్చుని తేల్చుకోవలసింది మరొకటున్నది. ఈ తుపాకి మనకు దేనికి? లైసెన్సు తీసుకుని, తాళం వేసి, ఏటా తుడిచి, రెన్యూవలు తేదీ జ్ఞాపకం పెట్టుకునే మనిషి ఇంట్లో ఉన్నారా? ఉంటే, అది తాతగారి జ్ఞాపకం. నిండుగా ఉంచుకోవచ్చు. ఎవరూ లేకపోతే, ఎంత మెరిపించినా అది బీరువా వెనక దాగిన ప్రమాదమే. అప్పుడు లైసెన్సు ఉన్న వ్యాపారికి చట్టప్రకారం అప్పగించి, తుపాకి పట్టుకున్న తాతగారి ఫోటోకు మంచి చట్రం కట్టించుకోవడమే మర్యాద. ఫోటోకు తుప్పు పట్టదు, లైసెన్సూ అక్కరలేదు.